సి తరగతి ఇల్లు

ఆగస్టు 12, సోమవారం

డచ్చాయన దిగాడు. పేరు హెంక్. ఉతికిన బట్టలకు ఆఖరి జాడింపులో పోసే వాసన మందు తయారుచేసే కంపెనీలో పెద్దమనిషి. మా జనం ఆ మందు అంతంత ఎందుకు పోస్తారో కళ్ళారా చూడాలట. రేపు ఊరి చివర ఉన్న గుయానాజెస్ దాకా వ్యాన్‌లో తీసుకెళ్ళి ఒక సి తరగతి ఇల్లు చూపించాలి. ఇంటావిణ్ణి అడిగేదాన్నీ నేనే, ఆయనకు ఇంగ్లీషులో చెప్పేదాన్నీ నేనే.

మా బాస్ హెలోయీజా సాయంత్రం వెళ్తూ వెళ్తూ, "ఇల్లు మరీ శుభ్రంగా ఉండకూడదు మారా, మరీ మురికిగా కూడా ఉండకూడదు. ఆవిడ కాస్త మాటకారి అయితే ఇంకా మంచిది," అంది. పెళ్ళిచూపులకు కూడా ఇన్ని షరతులు పెట్టరు.

సర్వేలు చేసే ఈ ఆఫీసులో ఏళ్ళ తరబడి నా పని ఇదే. బాత్రూములెన్ని, కార్లెన్ని, పనిమనిషి ఉందా, వీధికి తారు పడిందా అని అడిగి మార్కులు వేస్తాను. మార్కులు కలిపితే ఆ కుటుంబం ఏ నుంచి ఇ దాకా ఏదో ఒక గడిలో కూర్చుంటుంది. ఈమధ్య అడక్కుండానే చెప్పేయగలుగుతున్నాను, చెప్పులు చూస్తే చాలు.

అమ్మ ఫోన్ చేసింది. మీటింగులో ఉన్నాను. రేపు చేస్తాను.

ఆగస్టు 13, మంగళవారం

ఇల్లు చూడటం బాగా జరిగింది. హెంక్ చాలా సంతోషించాడు, హెలోయీజా కూడా. ఇంతే.

ఆగస్టు 14, బుధవారం

నిన్న రాసింది అబద్ధం కాదు. బాగానే జరిగింది. కాకపోతే ఆ ఇల్లు మా అమ్మది.

రాసేశాను కదా, ఇక మొదటినుంచీ రాసేస్తాను.

మేం వెళ్ళాల్సింది ఎడ్నేయా అనే ఆవిడ ఇంటికి. వ్యాన్ గుయానాజెస్ స్టేషన్ దాటాక ఆవిడ ఫోన్ చేసింది. ముందురోజు నుంచి వీధిలో నీళ్ళు రావట్లేదట. "బాత్రూమ్ కడగలేదండీ, గిన్నెలన్నీ సింకులోనే ఉన్నాయి, నేను కూడా స్నానం చెయ్యలేదు. ఇట్లాంటి ఇంట్లోకి పరాయివాళ్ళని ఎలా రానిస్తాను? ఏమనుకోకండి." బతిమాలాను. ససేమిరా అంది. ఆవిణ్ణి తప్పుపట్టలేను. పూట గడవట్లేదని అందరిముందూ చెప్పుకుంటాం గానీ, స్నానం చేయలేదని ఎదుటివాళ్ళకు తెలిస్తే మేం తలెత్తుకోలేం.

హెలోయీజాకు చెబితే ఫోన్లోనే గయ్యిమంది. "ఆయన రేపు వెళ్ళిపోతున్నాడు మారా! ఆ చుట్టుపక్కల ఒక్క ఇల్లు దొరకదా నీకు?"

వ్యాన్ కిటికీలోంచి చూస్తే నేను చదువుకున్న బడి గోడ కనిపించింది. ఆ వెనక వీధే మాది. మా స్లాబు మీద పెద్ద నీళ్ళ ట్యాంకు ఉంది, వీధంతా ఎండినా అమ్మ బాత్రూమ్ తళతళలాడుతుంది. నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "పాత సర్వేలో మాట్లాడినావిడ ఒకరున్నారు. మాట బాగుంటుంది."

"నీకు తెలిసినావిడ కాదుగా?"

"ముఖపరిచయం కూడా లేదు."

ఈ పనిలో మొదటి నియమం అది. అడిగేవాళ్ళకు ఆ ఇంటితో చుట్టరికం గానీ పరిచయం గానీ ఉండకూడదు. ఉందని తేలితే ఆ ఇల్లు లెక్కలోకి రాదు, తీసుకెళ్ళినవాళ్ళకు ఉద్యోగం ఉండదు. అందుకే అమ్మకు మెసేజ్ పెట్టాను. "కంపెనీ వాళ్ళను తీసుకొస్తున్నా. నేనెవరో తెలియనట్టు ఉండు. తర్వాత చెప్తా." నియమం కోసమే పెట్టాను. సిగ్గుపడి కాదు.

అమ్మ దగ్గర్నుంచి జవాబు వచ్చింది. "ఇల్లు ఊడ్చుకునే టైమన్నా ఉందా తల్లీ?"

మేం వెళ్ళేసరికి గేటు దగ్గర నిలబడి ఉంది. పూలగౌను, తడి జుట్టు నున్నగా దువ్వుకుని, తను కేటలాగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మే లిప్‌స్టిక్ పెదాలకు రాసుకుని. "రండి, రండి. ఇల్లు చిన్నది, ఏమనుకోకండి. మీ పేరేంటి మేడమ్?" అని నన్నే అడిగింది.

"మారా."

"పొట్టిగా బాగుంది," అంది.

నాకు గ్లెయ్సిమారా అని పేరు పెట్టింది తనే. నాన్న గ్లెయ్డ్‌సన్ పేరులో సగం, తన మరినాల్వ పేరులో సగం తీసి కలిపింది. ఆఫీసులో మొదటి సగం వదిలేశాను. తనవైపు సగమే కదా ఉంచుకున్నాను అని సమాధానపడుతుంటాను.

ముందుగదిలో కూర్చున్నాం. హెంక్ కెమెరా పెట్టాడు. మొదటి ప్రశ్న రికార్డులో ఉండి తీరాలి, ఎవరింట్లో అయినా అదే ప్రశ్న. కాగితం చూసి చదివాను. "దోనా మరినాల్వా గారూ, మీ ఇంట్లో గానీ, దగ్గరి బంధువుల్లో గానీ, ప్రకటనల కంపెనీలోనో, పత్రికలోనో, ఇలా సర్వేలు చేసే కంపెనీలోనో పనిచేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. నావైపు చూడలేదు, కెమెరా వైపు చూసింది. "లేరు మేడమ్. మాకెవరూ లేరు," అంది. నవ్వు మొహంతోనే అంది.

మా అమ్మ నోట అబద్ధం నేనెప్పుడూ వినలేదు. ఈ క్రీముతో ముడతలు పోతాయా అని ఎవరన్నా అడిగితే, "నాకైతే పోలేదమ్మా, వాసన మాత్రం బ్రహ్మాండం," అని చెప్పి అమ్మే మనిషి. చర్చికి వెళ్ళడం మొదలుపెట్టాక మరీను.

తర్వాత ఇంట్లో ఎంతమంది ఉంటారని అడిగాను. "ఇద్దరం," అంది.

పెన్ను ఆగింది.

"నేనూ, తైనారా అని నర్సింగ్ చదివే పిల్ల. వెనకగది ఇచ్చాను. పోయినేడు నుంచీ నా దగ్గరే ఉంటోంది."

వెనకగది నాది. ఎవరింట్లో ఎందరున్నారో తెలుసుకోవడం నా వృత్తి. కాగితం మీద 2 అని వేశాను.

వంటగదిలో హెంక్ ఫ్రిజ్ తెరిపించాడు. ఫ్రీజర్లో ఐస్‌క్రీమ్ డబ్బాలు వరసగా కనబడేసరికి మురిసిపోయి ఒకటి తీసి మూత ఎత్తాడు. లోపల ఉడికించిన చిక్కుడుగింజలు. అమ్మ పకపకా నవ్వింది. "ఈ దేశంలో ఐస్‌క్రీమ్ డబ్బాని నమ్మి బాగుపడ్డవాడు లేడు సార్!" ఇక బట్టలుతికే చోట ఆయన కంపెనీ సీసా చూసి ఆయనకు పట్టరాని ఆనందం. అమ్మ ఆయన భుజం తట్టింది. "సీసా మీదే సార్, మందు మీది కాదు. సంతలో లీటర్లలెక్కన అమ్మేది తెచ్చి దీంట్లో పోస్తాను. ఎవరన్నా వస్తే సీసా కనబడాలిగా." ఇవన్నీ హాయిగా ఇంగ్లీషులో చెప్పాను. బాగానే నవ్వాను కూడా.

అప్పుడే పక్కింటి జులెయ్దె పిన్ని వెనకతలుపులోంచి ఎప్పటిలాగే కేకేసుకుంటూ వచ్చింది. "మరినాల్వా, కాస్త ఉప్పు..." నన్ను చూసి చేతులు చాచింది. "ఓరి దేవుడో, గ్లెయ్..."

"కంపెనీ నుంచొచ్చిన మేడమ్ గారు," అని అమ్మ అడ్డం వచ్చింది. "ఉప్పు అదిగో, తీసుకుని వెళ్ళు."

పిన్ని నన్ను చంకనేసుకుని పెంచిన మనిషి. కిందినుంచి పైదాకా చూసింది. "ఓహో. మేడమ్ గారా. బూట్లు బాగున్నాయి మేడమ్ గారూ," అని వెళ్ళిపోయింది. ఉప్పు తీసుకోలేదు.

చివర్లో, కాగితంలో లేని ప్రశ్న, పిల్లలున్నారేమో అడగమన్నాడు హెంక్. అడిగాను. ఒక కూతురుందని చెప్పింది. ఏం చేస్తుందని అడగమన్నాడు. అదీ అడిగాను.

"ఆఫీసులో పని. ఏం పనో నాకు అర్థం కాదు మేడమ్. పెద్ద పనే అయ్యుంటుంది, ఇంటికి రావడానికి తీరదు దానికి."

కూతురు ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది అని హెంక్‌కు చెప్పాను. మిగతాది చెప్పలేదు. ఒక భాషలోంచి ఇంకో భాషలోకి చెప్పేటప్పుడు కొంత పోతుంది, అందరికీ తెలిసిందే.

వెళ్ళేటప్పుడు అమ్మ హెంక్‌ను కావలించుకుంది. వ్యాన్ డ్రైవర్ని కూడా కావలించుకుంది. నాకు మాత్రం చెయ్యి అందించింది.

ఆగస్టు 15, గురువారం

అమ్మకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. కేటలాగు పట్టుకుని తిరుగుతూ ఉంటుంది.

ఆగస్టు 16, శుక్రవారం

ఆఫీసులో వీడియో వేసుకుని చూశారు. "ఐస్‌క్రీమ్ డబ్బాని నమ్మి బాగుపడ్డవాడు లేడు" అన్న మాట అందరి నోళ్ళలో పడింది. కాఫీ మిషన్ దగ్గర ఒకడు అమ్మ యాసలో సాగదీసి అంటున్నాడు. మా దేశపు ఈశాన్యం నుంచి వలసొచ్చినవాళ్ళ యాస అనుకరించడం ఇక్కడ అందరికీ వచ్చిన విద్యే. వాడు బాగా చేశాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు కదా.

మా అమ్మ ఆ ఈశాన్యంలోనే, రెసీఫెలో సముద్రం పక్కన ఉంటుందని ఎప్పుడో ఇక్కడ ఒకసారి అన్నాను. ఎందుకన్నానో గుర్తులేదు. ఆవిడ అక్కడ పుట్టిన మాట మాత్రం నిజం.

ఆగస్టు 18, ఆదివారం

అమ్మ దగ్గరికి వెళ్దామనుకున్నాను. వాన వచ్చేలా ఉందని ఆగిపోయాను. బట్టలు ఉతుక్కున్నాను.

వాన రాలేదు.

ఆగస్టు 20, మంగళవారం

జులెయ్దె పిన్ని గొంతు మెసేజ్ పంపింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"మేడమ్ గారూ, బాగున్నారా? ఇక్కడ మీ... ఈ వీధిలో ఒక పెద్దావిడ ఉందిలెండి, ఆవిడ సంగతి చెబుదామని. మొన్న ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల, నెలకోసారి రొట్టె పంచేది, గుర్తుందో లేదో మీకు. రొట్టె పళ్ళెం వరసలో అందరి ముందుకీ వచ్చింది. ఆవిడ ముట్టుకోలా. చేతులు ఒళ్ళో పెట్టుకుని తలొంచుకు కూర్చుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా బల్ల మానిందా అది? ఏంటే అని నేనడిగితే, 'అబద్ధమాడాను, అదీ నవ్వుతా ఆడాను, ఏ మొహంతో చెయ్యి చాపను' అంది. పాస్టరు గారికి చెప్పుకోవే, ప్రార్థన చేస్తారు అన్నాను. చెబితే నా పిల్ల పరువు పోదా అని ఏడుస్తోంది. నీ పరువు! మొత్తం సంఘం దానివైపే చూస్తోంది, ఏం పాపం చేసిందో అని. గుసగుసలాడుకుంటున్నారు కూడా. నీకు సిగ్గుంటే వచ్చి ఏదో ఒకటి చెయ్యి. లేదా, మీ ఇష్టం మేడమ్ గారూ."

మళ్ళీ విన్నాను. మళ్ళీ మళ్ళీ విన్నాను.

ఏం చెయ్యాలో నాకు తెలుసు. ఆవిడ మా అమ్మ అని ఆఫీసులో చెప్పాలి. నేను చెబితే అమ్మ చెప్పిన అబద్ధం తీరిపోతుంది, పాస్టరు ముందు తలెత్తుకుంటుంది. చెబితే నా ఉద్యోగం పోతుంది. అది ఒక్కటే అయితే ఎలాగో చెప్పేదాన్నేమో. రెసీఫె అబద్ధం కూడా బయటపడుతుంది. వాళ్ళందరూ నా ముందే ఆ యాస పెట్టి నవ్వారు, నేనూ నవ్వాను. ఇప్పుడు ఏ మొహంతో చెప్పను? అమ్మ అన్న మాటే నాకూ వచ్చింది.

శుక్రవారం లోపల చెప్తాను.

ఆగస్టు 21, బుధవారం

భోజనాలయ్యాక అందరం పళ్ళు తోముకోవడానికి బ్రష్షులు పట్టుకుని సింకుల దగ్గర నిలబడతాం కదా, ఇవాళ నేనూ హెలోయీజా ఇద్దరమే మిగిలాం. ఇదే సమయం అనుకున్నాను. నోటినిండా నురగ పెట్టుకుని, "ఆ గుయానాజెస్ ఇంటి గురించి ఒక మాట," అన్నాను.

"నేనూ దాని గురించే," అంది తనూ నురగతోనే. ఉమ్మేసి మూతి తుడుచుకుంది. "శుక్రవారం పెద్దవాళ్ళందరి ముందూ అది చెప్పేది నువ్వే. హెంక్ నీ పేరే అడిగాడు. ఆ ఇంటివాళ్ళతో అంత చనువుగా ఎలా మాట్లాడగలిగింది అని ఆశ్చర్యపోయాడట. ఇది బాగా జరిగితే ఈ విభాగం నీకే ఇస్తారు. నువ్వేం చెప్పబోయావు?"

"వీడియో కింద ఇంగ్లీషులో మాటలు వెయ్యాలి, ఆ పని ఎవరికి ఇద్దామని," అన్నాను.

నోరు పుక్కిలించాను. మంట పుట్టిందాకా పుక్కిలించాను.

ఆగస్టు 23, శుక్రవారం

మీటింగు గదిలోకి వెళ్ళేసరికి తలుపు పక్కన నిలువెత్తు అట్టబొమ్మ ఉంది. పూలగౌను, చేతిలో వాసన మందు సీసా. మొహం వేరే ఎవరిదో గీశారు. గౌను మాత్రం అచ్చం అదే. బొమ్మకు దోనా నెనా అని పేరు పెట్టారు. కింద, వయసు యాభై ఎనిమిది, సి తరగతి, ఒక బాత్రూమ్, రోజుకు రెండు స్నానాలు అని రాశారు.

"యాభై ఎనిమిది కాదు, అరవై ఒకటి," అన్నాను.

"కాగితంలో అలా లేదే?" అంది హెలోయీజా.

"చూస్తే తెలుస్తుంది." అమ్మ కెమెరా ముందు మూడేళ్ళు తగ్గించుకుంది. అంటే ఆవిడ కూడా అబద్ధాలాడుతుంది అనుకున్నాను. ఒక్క క్షణం గుండె తేలికపడింది కూడా. అంత దిగజారాను.

వీడియో నడిచింది. అందరూ నవ్వాల్సిన చోట నవ్వారు. చివరికి కూతురి మాట వచ్చింది. అక్కడ అమ్మ గొంతు మీద నా ఇంగ్లీషు పడి సరిగా వినబడదు. నేను హెంక్‌కు చెప్పినంతే అందరికీ తెలుస్తుందని ధైర్యంగా ఉన్నాను. కానీ వీడియో కింద ఇంగ్లీషు మాటలు రాసింది బయటి మనిషి. మొత్తం రాశాడు. పెద్దపెద్ద అక్షరాలతో తెర మీద పడింది. పెద్ద పనే అయ్యుంటుంది, ఇంటికి రావడానికి తీరదు దానికి.

వెనక నుంచి ఎవరో, "పాపం," అన్నారు. "ఆ కూతురెవరో గానీ..." అని ఇంకొకరు. ప్రకటనల విభాగం కుర్రవాడు కుర్చీలో ముందుకు జరిగాడు. "ఇదే మన ప్రకటన! ఎప్పుడూ ఇంటికి రాని కూతురు. ఆ రోజు వస్తుంది. తలుపు తెరవగానే దుప్పట్ల వాసన. అంతే, అమ్మ ఒళ్ళో పడిపోతుంది."

చప్పట్లు కొట్టారు. హెలోయీజా కళ్ళు తుడుచుకుంది, నిజంగానే. నావైపు తిరిగి, "మారా, ఆ ఇల్లు నువ్వు చూశావుగా. ఆ కూతురు ఎందుకు రాదంటావు?" అని అడిగింది.

చెప్పడానికి ఇంతకంటే మంచి సమయం దేవుడు కూడా ఇవ్వలేడు. అందరూ పెన్నులు పట్టుకుని నావైపే చూస్తున్నారు.

"రైలు దూరం," అన్నాను. "పైగా అలవాటు తప్పిపోయి ఉంటుంది."

అందరూ రాసుకున్నారు.

ఆగస్టు 25, ఆదివారం

ఇవాళ వెళ్ళాను. ఉత్తచేతులతో వెళ్ళలేక, సర్వేలో మాట్లాడినవాళ్ళకు కంపెనీ ఇచ్చే బుట్ట మోసుకుపోయాను. సబ్బులు, వాసన మందు, తువ్వాళ్ళు.

అమ్మ తలుపు తీసి, "కంపెనీ వాళ్ళు పంపారా?" అంది. అవునన్నాను. నా సొంత డబ్బుతో ఒక పువ్వు కొనుక్కుపోయినా సరిపోయేది.

ముందుగదిలో కూర్చోబెట్టింది. కప్పూ సాసరూ తెచ్చింది. మా ఇంట్లో కాఫీ పంచదార కలిపే ఫ్లాస్కులో పోస్తారు, గాజు గ్లాసుల్లో తాగుతాం. ఇవాళ విడిగా పంచదార గిన్నె తెచ్చి నా ముందు పెట్టి, "ఎంత వేసుకుంటావో నువ్వే వేసుకో," అంది. కోపంగా అనలేదు. మర్యాదగా అంది.

లోపల తైనారా తిరుగుతోంది. తడి జుట్టుతో వచ్చి ఫ్రిజ్ తెరిచింది. "ఆ ఫ్రిజ్ ముందు అలా నిలబడకు, జలుబు చేస్తుంది! చెప్పుల్లేకుండా తిరుగుతావా మళ్ళీ?" అని అమ్మ కేకేసింది. ఆ పిల్ల నవ్వుకుంటూ గిన్నెలోంచే ఇంత నోట్లో వేసుకుని పోయింది. ఆ తిట్లు నావి. ఆ పిల్ల మీద అసూయపడ్డాను, రాయడానికి సిగ్గుగా ఉంది.

"బల్ల తీసుకోలేదటగా," అన్నాను.

"జులెయ్దె నోట్లో నువ్వుగింజ నానదు."

"ఒక్క మాటే కదమ్మా. నేను చెప్పమంటేనే కదా చెప్పావు. పాపమైతే నాదే."

"నువ్వు తెలియనట్టు ఉండమన్నావు. ఉన్నాను. అది ఆటలాగే అనిపించింది. కానీ నువ్వు ఆ కాగితం చూసి అడిగావు చూడు, మీకెవరన్నా ఉన్నారా అని. ఎవరూ లేరన్నాను. కడుపున పుట్టినదాన్ని ఎదురుగా పెట్టుకుని లేదన్నాను తల్లీ." గౌను అంచు వేళ్ళకు చుట్టుకుంటోంది. "నువ్వు నన్ను అమ్మ కాదన్నావనుకో, పోనీలే, పిల్లలు అంటారు. నేనంటే ఎలా?"

నేను పంచదార వేసుకుని కలిపాను. తర్వాత తనే అడిగింది. "నిజం చెప్పావా వాళ్ళకి? ఆవిడ మా అమ్మే అని?"

"చెప్పాను," అన్నాను.

ముందే అనుకుని వెళ్ళలేదు. నోట్లోంచి వచ్చేసింది.

అమ్మ లేచి నిలబడింది. "ఎప్పుడు?"

"శుక్రవారం. అందరి ముందూ."

"తిట్టారా నిన్ను? ఉద్యోగం తీసేస్తారా?"

"లేదు. ఏమనలేదు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు." అది నిజమే.

అమ్మ నా తలను పొట్టకు అదుముకుంది. ఏడ్చింది, దేవుడికి స్తోత్రం చెప్పింది, ఏడుస్తూనే భుజం మీది గుడ్డతో నా వీపు మీద ఒకటి వేసింది. "ఆ బూట్లు విప్పవే ముందు! ఇప్పుడే తుడిచి చచ్చాను! చూడు, ఎలా చిక్కిపోయావో, మీ ఆఫీసున్న ఆ పిన్యేరోస్‌లో అన్నం దొరకదా మీకు?" కప్పూ సాసరూ లోపలికి పోయాయి. నా ముందుకు కంచం వచ్చింది. అన్నం, చిక్కుళ్ళు, కోడిమాంసం, పైన వేయించిన కర్రపెండలం పిండి. వద్దంటే ఇంకో గరిటె పడింది. తిన్నాక, "గిన్నెలు ఎవరు కడుగుతారు, మీ హెంకా?" అంది. కడిగాను. గోడ మీంచి జులెయ్దె పిన్నికి వినబడేలా అమ్మ అరుస్తోంది. "చెప్పేసిందే! అందరి ముందూ చెప్పేసిందే నా పిల్ల!"

ఇంత సుఖంగా ఎప్పుడూ లేను. ఇంత సిగ్గుగా కూడా ఎప్పుడూ లేను.

సోమవారం పొద్దున్నే హెలోయీజాకు చెప్పేస్తాను. ఒక్కరోజు ముందుగా చెప్పినట్టు, అంతే. చెప్పాక అది అబద్ధం కానేకాదు.

ఆగస్టు 26, సోమవారం

హెలోయీజా సెలవు.

ఆగస్టు 29, గురువారం

విభాగం నాకు ఇచ్చారు. ఇవాళే చెబితే బాగోదు. అట్టబొమ్మను తెచ్చి నా టేబుల్ పక్కన నిలబెట్టారు, నీవల్లే పుట్టింది కదా అని. సాయంత్రం దాన్ని గోడవైపు తిప్పాను.

సెప్టెంబరు 3, మంగళవారం

అమ్మ రోజూ ఫోన్ చేస్తోంది. రోజూ ఎత్తుతున్నాను. ఏం తిన్నావు, జుట్టు ఆరబెట్టుకున్నావా, ఎందుకంత ఆలస్యంగా పడుకుంటావు. చాలా బాగుంది. చెప్పలేదు.

సెప్టెంబరు 7, శనివారం

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, సెలవు. అమ్మ దగ్గరే ఉన్నాను. హెంక్ మళ్ళీ ఎప్పుడొస్తాడని అడిగింది. "ఈసారి గ్లెయ్సిమారా వాళ్ళమ్మగా వండిపెడతాను ఆయనకి," అంది. ఆయన రాడులే అమ్మా అన్నాను. నవంబరులో వస్తున్నాడు.

సెప్టెంబరు 11, బుధవారం

చెప్పలేదు.

సెప్టెంబరు 15, ఆదివారం

ఇవాళ చర్చిలో ప్రభువు బల్ల. నాకు తలనొప్పిగా ఉందని వెళ్ళలేదు.

మధ్యాహ్నం జులెయ్దె పిన్ని వీడియో పంపింది. అమ్మ బల్ల తీసుకుంటున్నప్పటిదేమో అనుకుని తెరిచాను. కాదు. బల్లకు ముందు సాక్ష్యాలు చెప్పే సమయంలో తీసింది. అమ్మ మైకు పట్టుకుని సంఘం ముందు నిలబడి ఉంది. అదే పూలగౌను. జనంలో మాట్లాడే అలవాటు లేదు, మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకుని మాట్లాడుతోంది.

"సంఘానికి వందనాలు. నేను పోయిన నెల బల్ల తీసుకోలేదు, అందరూ చూశారు. నేనో అబద్ధం చెప్పాను. నా కూతుర్ని లేదన్నాను. దానికి పెద్ద ఉద్యోగం. నావల్ల ఆ ఉద్యోగం పోతుందని భయపడి చెప్పాను. కానీ నా పిల్ల ఏం చేసిందో తెలుసా? అంతమంది గొప్పోళ్ళ ముందు నిలబడి, ఆవిడ మా అమ్మ అని చెప్పింది. గుయానాజెస్‌లో, ప్లాస్టరింగు కూడా లేని ఇంట్లో ఉండే ఆవిడే మా అమ్మ అని చెప్పింది. నేను భయపడ్డాను గానీ అది భయపడలేదు. నేను పడిపోయాను, నా బిడ్డ నన్ను లేపింది. అది ఎప్పుడూ అబద్ధం చెప్పదు, చిన్నప్పట్నుంచీ అంతే. దేవునికే మహిమ."

హల్లెలూయ అని మొత్తం సంఘం లేచి నిలబడింది. పాస్టరు అమ్మ తల మీద చెయ్యి పెట్టాడు. పిన్ని ఏడుస్తోంది కాబోలు, ఫోన్ ఊగుతోంది, ఆఖర్న కప్పు మాత్రమే కనిపించింది.

కాసేపటికి అమ్మే మెసేజ్ పెట్టింది. "చూశావా తల్లీ? రొట్టె తీసుకున్నాను. నీ పేరు మొత్తం చెప్పమన్నారు, వచ్చే ఆదివారం దాకా అందరూ నీకోసం ప్రార్థన చేస్తారంట. నీలాంటి పిల్లల్ని ఇంకా లేపమని దేవుణ్ణి అడుగుతారంట."

రాసిందల్లా కొట్టేశాను. చివరికి ఆమెన్ అని పంపాను.